నా పేరు చెప్పు

కొండపల్లి
10 జులై 2025, గురువారం

తారిక్ బేటాకు మామూ ఖాలిక్ దీవెనలు.

పొద్దున ముసురు. తొమ్మిది దాటాక తెరిపి ఇచ్చింది. పొణికి దుంగలు రెండు సన్నటి సెగ మీద ఆరబెట్టాను. బొమ్మల అతుకులకు చింతగింజల పిండి ఉడికించి దించాను.

ఫోను చేస్తే కట్ చేస్తున్నావు. పనిలో ఉన్నావనుకుని కాగితం రాస్తున్నాను. మన వీధి చక్రి ఆటో బెజవాడ వస్తోంది, అతని చేతికిచ్చి మీ ఇంటికి పంపుతున్నాను. నాకు మాట్లాడటం కంటే రాయడమే సులువని నీకు తెలుసు.

విషయం కృపానందం గురించి. మన బొమ్మలకు రంగులు వేసే కృపానందమే. చిన్నప్పుడు నిన్ను భుజాన ఎక్కించుకుని ఖిల్లా దాకా మోసినవాడు. పోయిన వారం మీ ఊళ్ళో ఒక నగల షాపు గోడ మీద లతలు, చిలకలు వేయడానికి వెళ్ళాడు. అక్కడ గొలుసు ఒకటి కనపడటం లేదట. నిన్న మీ స్టేషను నుంచి కానిస్టేబులు ఫోను చేసి రమ్మన్నాడు. కృపానందం నా షెడ్డులోకి వచ్చి నిలబడ్డాడు.

"భాయ్, స్టేషనంటే నాకు కాళ్ళాడవు. రెండ్రోజులు మా అత్తగారి ఊరు పోయి కూచుంటా" అన్నాడు.

"తప్పు చేసినవాడు దాక్కుంటాడు. అక్కడ ఎస్సై మా తారికే కదా. వెళ్ళి నా పేరు చెప్పు. టీ ఇచ్చి పంపుతాడు" అన్నాను.

"టీ వద్దులే భాయ్, పంపిస్తే చాలు" అని నవ్వి చేతులకున్న రంగు కడుక్కుని వెళ్ళాడు.

నిన్న మధ్యాహ్నం వెళ్ళినవాడు ఇంకా రాలేదు. అతని భార్య అమలమ్మ రెండుసార్లు వచ్చి అడిగింది. అంబారీ ఏనుగులు రంగు లేకుండా వరసలో నిలబడి ఉన్నాయి. అడగాల్సినవి అడగడం అయిపోతే త్వరగా పంపు. వేళకు అన్నం తినకపోతే అతనికి కళ్ళు తిరుగుతాయి, కాస్త చూడు.

మా ఆస్రాకు, మనవరాలు గుల్షన్‌కు ముద్దులు.

ఖాలిక్


భవానీపురం
15 జులై

మామూకు సలామ్.

ఇది కూడా చక్రికే ఇస్తున్నాను. ఇకమీద మీరు ఫోన్ చేయొద్దు. ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో కంపెనీ నుంచి పేజీలు పేజీలు తెప్పిస్తారు. నేనే ఎంతమందివి తెప్పించానో. చదివాక పొయ్యిలో వేసేయండి.

కృపానందం మట్టికి నేను రాలేదని మనసులో పెట్టుకోవద్దు. యూనిఫాంలో వస్తే గొడవ, లేకుండా వస్తే ఇంకా పెద్ద గొడవ. కృపానందం శనివారం పొద్దున్నే బాత్‌రూంలో పడిపోయాడు. ఫిట్స్. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. మా దురదృష్టం. మనిషి లోపల ఉండగా పోతే మేజిస్ట్రేటు విచారణ ఉంటుంది. రూల్ అది. నన్ను పక్కన కూర్చోబెట్టారు, పోస్టింగ్ లేదు. ఇదీ రూలే. రెండు నెలల్లో సర్దుకుంటుంది.

వేళకు తినకపోతే కళ్ళు తిరుగుతాయని మీరే రాశారు కదా. ఆ కాగితం మాత్రం నేను పొయ్యిలో వేయలేదు. జాగ్రత్తగా ఉంచాను. దేవుడే మీ చేత రాయించాడు.

అన్నట్టు ఆ గొలుసు దొరికింది. ఓనర్ కోడలి బ్యాగులోనే ఉందట. ఈ డబ్బున్నవాళ్ళతో ఇదే తలనొప్పి.

గుల్షన్‌కు ముందు పన్ను ఊడింది. మీకు చూపించాలని దాచిపెట్టుకుంది.

మీ తారిక్


కొండపల్లి
20 జులై, ఆదివారం

తారిక్‌కు దీవెనలు.

ఎండ కాసింది. ఉలులన్నీ సాన పట్టాను. వేరే పని చేయలేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కళ్ళు తిరగడం వేరు, ఫిట్స్ వేరు. నేను రాసింది కళ్ళు తిరగడం. ఆ కాగితం ఎవరికైనా చూపిస్తే ఆ తేడా కూడా చెప్పు.

పెట్టె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. కృపానందం కాళ్ళకు సాక్సులు తొడిగి ఉన్నాయి. జన్మలో సాక్సులు వేసుకోని మనిషి. ఆస్పత్రి నుంచే అలా వచ్చాడట. అమలమ్మ తీయబోతే పక్కనున్న కానిస్టేబులు "ఎందుకమ్మా ఇప్పుడు, చలేస్తుంది" అన్నాడట. అతను తమాషాకే అని ఉంటాడు. అమలమ్మ ఆ మాటే అందరికీ చెబుతోంది.

నీకు చెప్పలేదు, ఆ శుక్రవారం నమాజు అయ్యాక అన్నం క్యారేజీ పట్టుకుని మీ స్టేషనుకు వచ్చాను. బెంచీ మీద కూర్చున్నాను. తర్వాత లేచి వచ్చేశాను. క్యారేజీ అక్కడే మరిచిపోయాను. నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ, మూత మీద మీ అమ్మ అన్వరీ పేరు చెక్కి ఉంటుంది. వీలైతే పంపు.

గుల్షన్ పన్ను పారేయవద్దని చెప్పు.

ఖాలిక్


భవానీపురం
3 ఆగస్టు

మామూకు సలామ్.

క్యారేజీ దొరికింది. తోమించి పంపుతున్నాను. మూడు గిన్నెల్లో ఆస్రా కద్దూకా ఖీర్ పెట్టింది. అడుగు గిన్నె సొట్ట పోయింది, ఏమనుకోవద్దు, స్టేషన్‌లో వస్తువులు అలాగే ఉంటాయి.

మీరు వచ్చినట్టు సెంట్రీ నాకు చెప్పనేలేదు. లోపలికి రాకుండా బయట కూర్చోవడమేంటి మామూ? నేను పరాయివాణ్ణా? అబ్బాజాన్ చనిపోయిన ఏడాది నుంచి మీ కంచంలోనే తిన్నాను. మీరు కూతుర్నిచ్చారు. ఎంతసేపు కూర్చున్నారు? ఏమైనా విన్నారా? ఉన్నదున్నట్టు నాకు మాత్రం రాయండి. అమలమ్మతో చర్చి పాస్టర్ గారు అర్జీ పెట్టించారని విన్నాను. అందులో మీ పేరు కూడా ఇచ్చారట. కంగారు పడకండి, ముందు నాకు తెలిస్తే మీరెలా చెప్పాలో నేను చూసుకుంటాను.

ఇంకో మంచి మాట. మా సీఐ గారి ఇంట్లో దసరాకు బొమ్మల కొలువు పెడతారు. పెద్ద సెట్టు కావాలట, ఏనుగులు, పల్లకీ, పెళ్ళి ఊరేగింపు మొత్తం. మీ చేతి పనే కావాలన్నారు. నా సంగతి ఆయన చేతిలో ఉందని మీకు వేరే చెప్పక్కర్లేదు. అంత పనికి సరిపడా పొణికి ఉందా? ఇంకా కొండ మీంచే తెస్తున్నారా? ఎక్కడ పేర్చారు? తడవకుండా చూడండి.

మీ తారిక్


కొండపల్లి
10 ఆగస్టు, ఆదివారం

తారిక్‌కు దీవెనలు.

రాత్రంతా వాన. పొద్దున రేకు మీద రాళ్ళు సర్దాను. ఖీర్ బాగుంది.

నువ్వు రెండు అడిగావు. రెండింటికీ జవాబు రాస్తున్నాను.

ఒకటి, పొణికి. ఉంది. పెరట్లో కోళ్ళ గూడు వెనక, రేకు కింద పేర్చాను. ఎండాకాలంలో కొండ మీంచి తెచ్చాను. సగానికి ఫారెస్టు వాళ్ళ రసీదు ఉంది, సగానికి లేదు. మా నాన్న కాలం నుంచి వీధంతా తెచ్చుకునేది అలాగేనని నీకు తెలుసు, నువ్వూ మోశావు. సీఐ గారి ఇంటికి రసీదు ఉన్న కొయ్యతోనే చేస్తాను.

రెండు, ఏం విన్నానని.

నీకు తొమ్మిదేళ్ళప్పుడు దుంగ చెక్కడం నేర్పాను. ఒకేచోట కొడితే పొణికి పగిలిపోతుంది. ఏడు దెబ్బలు వేయాలి, ఊపిరి పీల్చుకోవాలి, దుంగను తిప్పాలి, మళ్ళీ ఒకటి నుంచి మొదలు. చేయి తప్పకుండా లెక్క పైకి చెప్పాలి. నువ్వు ప్రతిసారీ ఐదు దగ్గర 'ఐదూ' అని సాగదీసేవాడివి. కృపానందం నిన్ను వెక్కిరించేవాడు, 'మీ మేనల్లుడు ఐదు దగ్గర నిద్రపోతున్నాడు భాయ్' అని.

బెంచీకి వెనక గోడ. గోడ అవతల నీ గొంతు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదూ, ఆరు, ఏడు. తర్వాత ఆగింది. నువ్వు "తిప్పండి" అన్నావు. మళ్ళీ ఒకటి.

కృపానందం గొంతు కూడా విన్నాను. మొదట్లో మాటలు. తర్వాత మాటలు కాదు.

నేను లేవలేదు. సెంట్రీ "ఏం పెద్దాయనా, పనేంటి" అంటే ఏమీ లేదని చెప్పి వచ్చేశాను. మేజిస్ట్రేటు పిలిస్తే అది కూడా చెబుతాను.

మా వీధిలో ఎవడైనా మనిషిని కట్టేసి చచ్చేదాకా కొడితే నువ్వే జీపేసుకుని వచ్చి తీసుకెళ్తావు. నువ్వు కొడితే ఎవరు వచ్చి తీసుకెళ్ళాలి? నాకు పెద్ద చదువు లేదు. పొట్లాలు కట్టిన పేపర్లు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. చట్టం అందరికీ ఒకటే అని ఆ పేపర్లలోనే చదివాను. చొక్కా రంగును బట్టి వేరే చట్టం ఉందని ఎక్కడా చదవలేదు.

నువ్వే ముందు వెళ్ళి ఒప్పుకో బేటా. నేను నీ పక్కన నిలబడతాను.

ఖాలిక్


భవానీపురం
7 సెప్టెంబరు

మామూ,

మీకు వయసు మీద పడింది. గోడ అవతలి మాట వినిపించే చెవులు అరవై దాటినవాళ్ళకు ఉండవు. స్టేషన్‌లో లెక్కపెట్టేవి వంద ఉంటాయి. సీజ్ చేసిన బైకులు లెక్కపెడతాం, సారా సీసాలు లెక్కపెడతాం. ఆ రోజు ఏం లెక్కపెట్టామో రికార్డులో రాసి ఉంది.

మీరు పేపర్ చదివి చట్టం మాట్లాడుతున్నారు. డాక్టర్ చేతిలో రోగి పోతే హత్య అంటారా? రోజూ దొంగల్ని, తాగుబోతుల్ని, కత్తులవాళ్ళని మేము చూసుకుంటుంటే మీరు రాత్రిళ్ళు నిద్రపోతున్నారు. ఆ నిద్ర ఊరికే రాదు. మీ కొండపల్లిలో బొమ్మలు చెక్కుకుంటూ కూర్చుంటే బొమ్మలు ఎదురు తిరగవు, బూతులు తిట్టవు.

అమలమ్మ సంగతి మీకు తెలిసినట్టు లేదు. అర్జీ వెనక్కి తీసుకుంది. పెళ్ళినాటి నుంచి భర్తకు ఫిట్స్ ఉన్నాయని రాసిచ్చింది. వేలిముద్ర కాదు, సంతకం పెట్టింది. ఆమెకు హాస్టల్లో స్వీపర్ పని ఇప్పించాను. చచ్చినవాడి పెళ్ళామే ఊరుకుంది. మీరెవరు మధ్యలో?

చట్టం అందరికీ ఒకటే అన్నారు. ఆ మాట గుర్తుంచుకోండి.

తారిక్

(కింద ఆస్రా చేతిరాత)
అబ్బాజాన్, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఊరుకోండి. గుల్షన్‌ను స్కూల్లో అడుగుతున్నారు. ఈయన రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు. పోయినాయన తిరిగి రాడు కదా.


కొండపల్లి
21 సెప్టెంబరు, ఆదివారం

తారిక్‌కు,

మబ్బు. గాలి లేదు. పెరడు ఊడ్చాను. ఊడ్చడానికి ఇప్పుడు చాలా చోటుంది.

మంగళవారం ఫారెస్టు వాళ్ళు నలుగురు వచ్చారు. షెడ్డు చూడలేదు, ఇల్లు చూడలేదు. నేరుగా కోళ్ళ గూడు వెనక్కి వెళ్ళి రేకు ఎత్తారు. వీధిలో ఇరవై ఇళ్ళలో పొణికి ఉంది. ఎవరి గుమ్మమూ ఎక్కలేదు. ఆ చోటు నేను కాగితం మీద రాసింది నీకొక్కడికే.

రసీదు ఉన్నదీ లేనిదీ కలిపి లారీలో వేసుకున్నారు. వాళ్ళలో పెద్దాయన "మీ అల్లుడు పోలీసట కదా, ఒక మాట చెప్పించుకోలేకపోయారా" అని నవ్వాడు. నీ పేరు చెప్పలేదు. సగం కొయ్య రసీదు లేకుండా తెచ్చానని ఒప్పుకుని సంతకం పెట్టాను. తప్పు నాదే. కోర్టు ఏం వేస్తే అది. పని ఆగిపోయింది. సీఐ గారి బొమ్మలు చేయలేనని చెప్పు.

నేను రాసిన రెండు జవాబుల్లో ఒకటి నిజమని నువ్వు నమ్మావు. నమ్మి లారీ పంపించావు. రెండోది కూడా ఆ చేత్తోనే రాశాను.

అమలమ్మ నిన్న వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా మీద కోపమా భాయ్?"

"లేదమ్మా."

"సంతకం పెట్టకపోతే మా ఇద్దరు కొడుకుల్నీ విచారణకు పిలుస్తామన్నారు. పిలిస్తే వెళ్ళాలిగా. ఈసారి ఎవరి పేరు చెప్పుకోమంటారు?"

కృపానందం కుంచెలు షెడ్డులో ఉన్నాయి, ఇవ్వబోయాను. "మీరే ఉంచుకోండి. మేకవెంట్రుకలు, మంచివి" అని వెళ్ళిపోయింది.

ఒక్కటి అడుగుతాను. అతను నా పేరు చెప్పాడా, లేదా? చెప్పే అవకాశం రాలేదని ఒక మాట రాయి. నాకు ఇంకేమీ వద్దు.

ఖాలిక్


భవానీపురం
26 అక్టోబరు

మామూ,

చెప్పాడు.

ఎన్నాళ్ళ నుంచో అడగాలని చూస్తున్నారు, అందుకే పూర్తిగా రాస్తున్నాను. ఇది కూడా మేజిస్ట్రేటుకు చూపించుకోండి. సంతకం పెట్టడం లేదు, అక్షరాలు కూడా నావి కావు, రైటరు చేత రాయిస్తున్నాను.

ఆ రోజు సీఐ గారు ఎదురుగా కుర్చీలో ఉన్నారు. నగల షాపు ఓనర్ పక్కనే ఉన్నాడు. రెండు దెబ్బలు వేసి, బెదిరించి, సాయంత్రానికి పంపిద్దామనే అనుకున్నాను. వాడి మొహం చూస్తేనే తెలుస్తుంది, గడ్డిపోచను కూడా దొంగిలించలేడు. అప్పుడు వాడు చేతులు జోడించి అందరి ముందు అన్నాడు, "తారిక్ బాబూ, నన్ను గుర్తుపట్టలేదా, నేను కృపానందాన్ని. ఖాలిక్ భాయ్ తన పేరు చెప్పమన్నారు. టీ ఇచ్చి పంపుతావన్నారు."

సీఐ గారు నా వైపు చూశారు. "ఏంటయ్యా, చుట్టాలా? టీ చెప్పమంటావా?" అన్నారు. కానిస్టేబుళ్ళు నవ్వారు. షాపు ఓనర్ కూడా నవ్వాడు.

అప్పుడు నేనేం చేయాలి మామూ? నెమ్మదిగా కొడితే చుట్టం కాబట్టి అంటారు. వదిలేస్తే డబ్బు తిన్నానంటారు. ప్రమోషన్ ఫైలు ఆయన టేబుల్ మీదుంది. వాడు నోరు మూసుకుని ఉంటే మామూలు దెబ్బలతో పోయేది. ప్రతి ఏడింటికీ మీ పేరే చెప్పాడు. రెండు రోజులూ చెప్పాడు. చివరిదాకా అదే తనను కాపాడుతుందనుకున్నాడు వెర్రివాడు.

వాణ్ణి చంపింది నేనని మీరు అంటున్నారు. లాఠీ నాది. మాట మీది. చట్టం అందరికీ ఒకటే అయితే ఇద్దరం బోనులో నిలబడాలి.

ఆస్రా మీ గుమ్మం తొక్కదు. ఆమే చెప్పమంది. గుల్షన్ ఆ పన్ను పారేసింది.

నవంబరు 6న విచారణకు మిమ్మల్ని పిలిచారని తెలిసింది. పెద్దవారు, బస్సుల్లో వేలాడకండి. బండి పంపిస్తాను.


కొండపల్లి
6 నవంబరు 2025, గురువారం

సబ్ ఇన్‌స్పెక్టర్ తారిక్ గారికి,

చలిగాలి. ఆకాశం తేటగా ఉంది. ఫజర్ నమాజు అయ్యాక కృపానందం కుంచెలు కడిగి ఎండలో పెట్టాను. మిగిలిన ఒక్క ఏనుగుకు నేనే రంగు వేశాను. కళ్ళు సరిగ్గా రాలేదు. కళ్ళు అతనే వేయాలి.

మీ ఉత్తరం అందింది. మీరు రాసినది నిజమే. మాట నాది. పదిరోజులుగా అన్నం లోపలికి పోవడం లేదు. అందుకని సాక్ష్యం చెప్పడం మానుకుంటానని మీరు అనుకుని ఉంటారు. అందుకే రాశారని నాకు అర్థమైంది. మొదట్లో నిజంగానే మానుకుందామనుకున్నాను. ఇద్దరం బోనులో నిలబడాలని మీరే అన్నారు కదా. నాకు ఒప్పుదల. పొణికి కొయ్యకు కోర్టు జరిమానా వేస్తే కట్టాను. దీనికి ఏం వేస్తే అది అనుభవిస్తాను. నా పేరు ఎందుకు చెప్పమన్నానో చెబుతాను. గోడ అవతల విన్నది చెబుతాను. లేవలేదని చెబుతాను. అమలమ్మ పేరు ఎత్తను, ఆమె పిల్లల పేర్లు ఎత్తను.

బండి అక్కర్లేదు. పది గంటలకు చక్రి ఆటో మాట్లాడుకున్నాను.

ఆస్రాకు చెప్పండి, ఈ గుమ్మానికి తాళం ఉండదు, నేను ఉన్నా లేకపోయినా. గుల్షన్‌కు ఏనుగు ఇచ్చి పంపాలని ఉంది. తడి ఆరాక చక్రికి ఇస్తాను. తొండం పట్టుకుని ఎత్తవద్దని

వీధిలో జీపు ఆగింది. చక్రి కాదు.

ఇద్దరు లోపలికి వచ్చారు. మామూలు బట్టల్లో ఉన్నారు. కోర్టుకేనా అని అడిగాను. అక్కడికే పెద్దాయనా అన్నారు. కాగితం ఏదైనా ఉందా అన్నాను. పొట్టిగా ఉన్నతను నవ్వి "కాగితమెందుకు, తారిక్ సార్ పేరు చెప్పమన్నారు" అన్నాడు.

రెండు నిమిషాలు ఆగమన్నాను. ఈ ఉత్తరం పిండి గిన్నె కింద పెడతాను, చక్రి వస్తే చూస్తాడు. ఏనుగు తడి ఇంకా ఆరలేదు. కుంచెలు ఎండలోనే ఉన్నాయి, వెళ్ళేలోగా వాటిని లోపల